క్రేన్ మీద మూతపడిన కన్ను

పోయిన ఆదివారం బీరంగూడలో మేముండే అపార్ట్‌మెంట్ కింద, కార్లు నిలుపుకునే చోట రెండు బల్లలు వేసి ఉచితంగా షుగర్ పరీక్ష చేశారు. ఒంట్లో ఏమీ లేకపోయినా డెబ్బై దాటిన దాన్ని కదా, ఒకసారి చూపించుకుంటే పోతుందని నేనూ దిగి వెళ్లి వరుసలో నిలబడ్డాను. వేలు గుచ్చబోయే ముందు నర్సు అమ్మాయి కాగితం మీద రాసుకుంటూ, రాత్రి మూత్రానికి ఎన్నిసార్లు లేస్తారని అడిగింది. ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని, అంకె అడిగితే తడుముకునే అలవాటు లేనిదాన్ని, ఆ ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పలేక నిలబడిపోయాను. నాకు వినపడలేదనుకుని ఆ పిల్ల మళ్లీ గట్టిగా అడిగింది. ఒకసారి అని చెప్పాను. కాని నా నోటి దాకా వచ్చి ఆగిన అంకె నాలుగు. అది నాది కాదు, మా ఆయనది. ఆయన పోయి ఇరవై ఏళ్లు దాటింది.

మీలో ఎనభైలలో పటాన్‌చెరు దారిలో కాపురాలు పెట్టినవాళ్లుంటే ఆ రోజులు చెప్పకుండానే తెలుస్తాయి. సంగారెడ్డి బస్సు కిటికీలోంచి చూస్తే అటూ ఇటూ జొన్న చేలు, చేల మధ్యలో కొత్తగా లేచిన పొగ గొట్టాలు. మా అత్తవారిది ఆ చుట్టుపక్కల పల్లెల్లోనే నాలుగెకరాల సేద్యం. దాన్ని మా మరిదికి అప్పగించి మా ఆయన ఇనుము కరిగించి అచ్చుల్లో పోసే ఒక ఫౌండ్రీలో చేరారు. నేను ఎనభై ఒకటిలో కాపురానికి వచ్చాను. మా వాళ్లు ఎనభై రెండు అంటారు, తప్పు. ఆ ఏడు జూన్‌లోనే నాకు పటాన్‌చెరులో బడి ఉద్యోగం వచ్చింది కనుక నాకు బాగా గుర్తు. ఫ్యాక్టరీకి నడిచి పోయేంత దూరంలో రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకున్నాం. మా అత్తమ్మ, మేమిద్దరం. తర్వాత రెండేళ్లకు మా తమ్ముడు కూడా అదే ఫౌండ్రీలో చేరి, మా వెనక వీధిలోనే గది తీసుకున్నాడు.

మా ఆయన క్రేన్ నడిపేవారు. ఇంటి కప్పుకు రెండింతల ఎత్తున, షెడ్డు పైకప్పు కింద, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పట్టాల మీద కదిలే క్రేన్ అది. నిచ్చెన ఎక్కి చిన్న డబ్బాలాంటి గదిలో కూర్చుంటే, కింద కొక్కేనికి వేలాడే బానలో ఎర్రగా కరిగిన ఇనుము. ఆ బానను ఒలకకుండా తీసుకుపోయి అచ్చు నోటి మీద నిలపాలి. కింద ఒక మనిషి నిలబడి చేతులతో సైగలు చేస్తుంటాడు, ఎత్తు, దించు, ఆపు అని. మా ఆయనకు కింద సైగలు చేసింది మా తమ్ముడే. పైన బావ, కింద బామ్మర్ది. నాకు ఇద్దరి మీదా నమ్మకమే. అయినా సైరన్ మోగి ఇద్దరూ ఇల్లు చేరేవరకు నాకు స్థిమితం ఉండేది కాదు.

పండక్కి బంధువులు వస్తే మా ఆయన తన పని గురించి గొప్పగా చెప్పుకునేవారు కాదు, మా తమ్ముడే చెప్పేవాడు. బావ బాన దించితే నీళ్లు నిండిన గిన్నెను పసిపిల్ల పక్కన పెట్టినట్టు దించుతాడని అనేవాడు. ఆ మాట వింటున్నప్పుడు మా ఆయన పళ్లెంలోకి చూస్తూ అన్నం కలుపుకునేవారు, కాని కలుపుతున్న చేయి నెమ్మదించేది. మనిషికి తన పని మీద ఉండే ఇష్టం ఎంతుంటుందో నేను ఆ చేతిలో చూశాను.

షిఫ్టులు వారానికి ఒకసారి మారేవి. పొద్దటిది, మధ్యాహ్నానిది, రాత్రిది. మా వీధిలో అన్నీ ఫ్యాక్టరీ ఇళ్లే కనుక అందరికీ ఒక పద్ధతి ఉండేది. నైట్ షిఫ్ట్ చేసి వచ్చి మగమనిషి పడుకున్న ఇంటి గేటుకు తువాలు వేలాడదీసేవాళ్లం. ఆ తువాలు కనిపిస్తే కూరగాయల బండి అతను కేకలు ఆపి నడిచేవాడు, పిల్లలు గోటీల ఆట ఇంకో గల్లీకి మార్చేవాళ్లు, ఆడవాళ్లు రోలు దగ్గర చప్పుడు తగ్గించేవాళ్లు. ఒకరి మగని నిద్రను వీధంతా కాపాడేది. నిద్ర అంటే మాకు అన్నంతో సమానం, జీతంతో సమానం. అందుకే నిద్ర చెడితే ఎవరికీ వేరే అనుమానం రాలేదు. షిఫ్టుల ఒళ్లు, అంతే అనుకునేవాళ్లం.

ఎనభై ఏడు ఎండాకాలంలో మొదలైంది. ఏ షిఫ్టు చేసి వచ్చినా, పడుకున్న గంటన్నరకు లేచేవారు. బయటకు పోయి వచ్చి చెంబెడు నీళ్లు తాగేవారు. మళ్లీ కన్ను అంటుకునే లోపల మళ్లీ. మొదట్లో రెండుసార్లు, ఏడాది తిరిగేసరికి నాలుగుసార్లు. కొలిమి దగ్గర పని, ఒంట్లో నీరంతా చెమటై పోతుంది, దాహం కాక ఏమవుతుందని ఆయన అనేవారు. ఇంత నీళ్లు తాగితే లేవక తప్పుతుందా అని నేననుకునేదాన్ని. తాగుతున్నారు కనుక లేస్తున్నారని లెక్క వేశాను. లేస్తున్నారు కనుక తాగుతున్నారేమో అని తిప్పి చూడాలని అప్పట్లో ఎవరికీ తట్టలేదు. మా వీధిలో ఎవరిని అడిగినా తమ ఇంట్లోనూ ఇంతేనని చెప్పేవారు.

ఇక్కడ బెల్లం సంగతి చెప్పాలి. ఫౌండ్రీలో ఇసుక దుమ్ము, పొగ. ఆ దుమ్ము గొంతులోంచి దిగిపోవాలంటే బెల్లం తినాలని నమ్మకం. అందుకని ఫ్యాక్టరీ వాళ్లే నెలనెలా మనిషికింత అని బెల్లం పంచేవారు. మిగతా ఇళ్లలో ఆ బెల్లంతో పిల్లలకు లడ్డూలు చేసేవాళ్లు. మా అత్తమ్మ మాత్రం కొడుకు పేరున వచ్చిన బెల్లాన్ని ఇంకొకరి నోట పడనిచ్చేది కాదు. కొడుకుకు రాత్రిళ్లు దాహమవుతోందని తెలిసిన నాటి నుంచి కుండలో నీళ్లు తీసి, బెల్లం కలిపి, ఒక ఇలాచి నలిపి వేసి, చెంబు మీద మూత పెట్టి మంచం పక్కన ఉంచేది. వట్టి నీళ్లతో దాహం తీరదు, బెల్లం నీళ్లైతే ఒంటికి బలం అనేది. ఆయన కూడా ఆ చల్లదనానికి గటగటా తాగేసి, అమ్మ చేతి నీళ్లు తాగితేనే ప్రాణం లేచి వస్తుందని అనేవారు. మనిషి మాత్రం చిక్కిపోయారు. ప్యాంట్లు రెండుసార్లు బిగించి కుట్టించాను. అరికాళ్లు మండుతున్నాయని తడి గుడ్డ చుట్టుకుని పడుకునేవారు. పగలు అన్నం తింటూ తింటూ కునికేవారు. బస్సులో కూర్చుంటే కండక్టర్ లేపాలి.

ఎనభై తొమ్మిది వానాకాలం, మధ్యాహ్నం షిఫ్టు. ఇది నేను చూసింది కాదు, మా తమ్ముడు చెప్పింది. ఇనుము పోయడం అయిపోయింది, ఖాళీ బానను వెనక్కి తీసుకుపోతున్నారు. మా తమ్ముడు ఆపమని చేయి ఎత్తాడు. క్రేన్ ఆగలేదు. ఈల వేశాడు. ఆగలేదు. పక్కకు గెంతే లోపల బాన అంచు భుజానికి తగిలి పడిపోయాడు. ఆ తర్వాత రెండు గజాలు పోయి క్రేన్ ఆగింది. మెడ కింది ఎముక విరిగింది. అదే బాన నిండుగా ఉండి ఉంటే ఏమయ్యేదో అందరికీ తెలుసు కనుక ఎవరూ ఆ మాట అనలేదు.

ఆసుపత్రిలో మా తమ్ముడు వచ్చిన ప్రతివాడికీ ఒకటే చెప్పాడు, తను చూసుకోక అడ్డం పోయానని, నేల మీద నూనెకు కాలు జారిందని. ఆ అబద్ధం ఒక్క పూట కూడా నిలవలేదు. మా ఆయన అప్పటికే నిచ్చెన దిగి నేరుగా ఫోర్‌మన్ దగ్గరికి పోయి తన కన్ను మూతపడిందని చెప్పేశారు. అప్పుడు అక్కడున్నవాళ్లు తర్వాత మాకు చెప్పిన మాటలివి.

"ఎంత తాగినవ్?" అన్నాడట ఫోర్‌మన్.

"తాగలె సార్. కన్ను మూసుకపోయింది."

"తాగకుంటె సాయంత్రం ఆరు గంటలకు కన్నెట్ల మూసుకపోతది?"

దానికి మా ఆయన దగ్గర జవాబు లేదు. మా దగ్గరా లేదు. ఆయన కల్లు ముట్టి అప్పటికి తొమ్మిదేళ్లు. క్రేన్ ఎక్కిన నాడు మానేసిన మనిషి. కాని జవాబు లేని చోట జనం తమకు తెలిసిన జవాబు పెట్టుకుంటారు. వారం తిరిగేసరికి గల్లీ చివర కిరాణా కొట్టు దాకా పాకింది, కల్లు తాగి క్రేన్ ఎక్కిండు, సొంత బామ్మర్దినే కొట్టిండు అని.

కట్టు కట్టిన భుజంతో మంచం మీద కూర్చుని మా తమ్ముడు కోపంతో కన్నీళ్లు పెట్టుకున్నాడు.

"నేను జారిపడ్డ అంటున్న గద బావా. నువ్వెందుకు పోయి చెప్పినవ్?"

"రేపు ఇంకొకడు నీ జాగల నిలబడితె వానికి ఎవడు చెప్తడురా?"

"పోనీ, కండ్లు తిరిగినయ్ అనన్న చెప్పకపోయినవ్. కన్ను మూతపడ్డదంటె తాగినవ్ అనక ఏమంటరు?"

"తిరగలె కద," అన్నారు మా ఆయన. "మూతపడ్డది."

నెల రోజులు పనిలోకి రానివ్వలేదు. మా తమ్ముడు ఫిర్యాదు ఏమీ లేదని చెప్పిన మీదట ఉద్యోగం తీయలేదు కాని క్రేన్ తీసేశారు. స్టోర్స్‌లో బోల్టులూ బేరింగులూ లెక్క చూసుకునే పనికి వేశారు. అది జనరల్ షిఫ్ట్, పొద్దున పోయి సాయంత్రం రావడం. అవమానం జరిగిందని తెలిసినా మేం ఆడవాళ్లం లోపల ఒక వైపు ఊపిరి పీల్చుకున్నాం. మా వీధిలో జనరల్ షిఫ్ట్ అంటే వరం. ఇక రాత్రంతా పడుకుంటారు, నాలుగు నెలలు కళ్లనిండా నిద్రపోతే మనిషి మామూలైపోతాడు, అప్పుడు క్రేన్ మళ్లీ ఇవ్వమని అడగవచ్చు. ఆయన కూడా అదే ఆశతో రోజూ స్టోర్స్‌కు పోయి వచ్చారు. ఆయన మనసులో ఉన్నది ఒకటే, మళ్లీ నిచ్చెన ఎక్కాలి, ఎక్కి ఒక్క ఏడాది మచ్చ లేకుండా నడిపి చూపించాలి. అప్పుడు తాగాడన్న మాట దానంతట అదే రాలిపోతుందని నమ్మారు. మా అత్తమ్మ బీరంగూడ గుట్ట మీద గుడికి పోయి కొబ్బరికాయ కొట్టి వచ్చింది.

జనరల్ షిఫ్ట్ వచ్చి నాలుగు నెలలు గడిచినా ఆయన రాత్రికి నాలుగుసార్లే లేచారు.

నేను పిల్లలకు ఎప్పుడూ చెప్పేదే నాకు నేను చెప్పుకోవలసి వచ్చింది. కారణమనుకున్నది తీసేశాక కూడా ఫలితం అలాగే ఉంటే, అది కారణం కాదు. అదే ఆయనకు చెప్పాను. నిద్ర రాకుంటే డాక్టర్ దగ్గరికి పోతారా, జనం నవ్వుతారని దాటవేశారు. కాళ్ల మంటలు ఓర్చుకోలేని దశకు వచ్చాక, తొంభై సంక్రాంతి సెలవుల్లో సంగారెడ్డికి తీసుకుపోయాను. మా అత్తమ్మ తనూ వస్తానని బయలుదేరింది. కొడుకు తిండి సంగతి కోడలికేం తెలుసు, తను చెప్పాలని.

ఆ డాక్టర్ పెద్దాయన, నెమ్మదైన మనిషి. కాళ్లు చూశాడు, సూదిమొన తాకించి తెలుస్తోందా అని అడిగాడు. తర్వాత, రాత్రి ఎన్నిసార్లు లేస్తావన్నాడు. నాలుగు అని నేను చెప్పాను. దాహం ఉందా అంటే ఉందన్నారు ఈయన. ఏం తాగుతావన్నాడు. అప్పుడు మా అత్తమ్మ ముందుకు జరిగి, మెచ్చుకుంటాడన్న నమ్మకంతో చెప్పింది.

"నేనే కలిపిస్త సార్. కుండల నీళ్లు, మంచి బెల్లం, ఇంత ఇలాచి. వట్టి నీళ్లు తాగనియ్య."

డాక్టర్ రక్తపరీక్షకు రాసి, పరగడుపున ఒకసారి, తిన్నాక ఒకసారి ఇచ్చి రమ్మన్నాడు. కాగితాలు వచ్చాక మళ్లీ ముగ్గురినీ కూర్చోబెట్టి మాకు అర్థమయ్యేటట్టు చెప్పాడు. రక్తంలో చక్కెర హద్దు దాటితే ఒళ్లు దాన్ని మూత్రంలో బయటకు తోస్తుంది. అది పోతూ ఒంట్లో నీటిని వెంట తీసుకుపోతుంది. అందుకే మాటిమాటికీ లేవడం, అందుకే తీరని దాహం. ఏళ్ల తరబడి అలా ఉంటే నరాలు దెబ్బతిని అరికాళ్లు మండుతాయి, ఆ మంట మిగిలిన నిద్రను కూడా తినేస్తుంది. నిద్ర చాలని ఒంట్లో చక్కెర మళ్లీ ఇంకా పెరుగుతుంది. ఇదొక గిరక, ఎక్కడ పట్టుకున్నా తిరుగుతూనే ఉంటుందన్నాడు. పగటి పూట ఆ కునుకు సోమరితనం కాదు, తాగుడూ కాదు, జబ్బు అన్నాడు.

తాగుడు కాదు అన్న మాట వినగానే మా ఆయన తల ఎత్తారు. జబ్బు బయటపడినందుకు సంతోషించిన మనిషిని నేను ఆయననొక్కరినే చూశాను. ఆ మాట కాగితం మీద రాసిస్తారా అని అడిగారు.

చక్కెర జబ్బు అన్న మాటకు, తను కలిపిచ్చిన బెల్లం నీళ్లు గుర్తొచ్చి మా అత్తమ్మ తల దించుకుంది. డాక్టర్ ఆమె వైపు తిరిగి, మీరు దాహానికే ఇచ్చారమ్మా, మీకెలా తెలుస్తుంది అని ఎంతో మెత్తగా చెప్పాడు. ఆమె తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ వైపు ముఖం పెట్టుకుని కూర్చుంది. పటాన్‌చెరు దగ్గర పడ్డాక ఒక్కసారి, "నా చేతులతోని పోసిన బిడ్డా," అంది, నాతోనో తనతోనో. ఆయన వెనక సీటులోంచి ముందుకు వంగి, "అమ్మా, నువ్వు పోసిన ఆ నీళ్లే నన్ను నడిపించినయే," అన్నారు. ఆమెకు అది ఓదార్పు కాలేదు. ఆ నాటి నుంచి పోయేవరకు, ఆరేళ్లు, ఆమె తీపి నోట పెట్టలేదు. చాయ్ కూడా చక్కెర లేకుండానే తాగింది. ఆమెకు షుగర్ లేదు. పెళ్లిళ్లలో విస్తరిలో వేసిన మిఠాయిని పక్కవాళ్ల విస్తరిలో వేసేసేది. ఎందుకని ఎవరైనా అడిగితే పళ్లు బాగాలేవని చెప్పేది.

గోళీలు మొదలుపెట్టాం. అన్నం తగ్గించి జొన్నరొట్టె పెట్టాను. ఆయన పొద్దున ఫ్యాక్టరీకి చుట్టుదారిన నడిచి పోయేవారు. రెండు నెలలకు నాలుగు మూడైంది, వాన పడే వేళకు ఒకటైంది. ఒకరోజు తెల్లవారి లేచి, "ఏమే, రాత్రి నేను లేచిన్నా?" అని నన్నే అడిగారు. లేవలేదన్నాను. మంచం మీద కూర్చుని చాలాసేపు చేతులు చూసుకున్నారు, ఆ చేతులు మళ్లీ తనవైనట్టు. ఆ రోజే క్రేన్ కోసం అర్జీ పెట్టారు.

ఫ్యాక్టరీకి వచ్చే డాక్టర్ సంగారెడ్డి డాక్టర్ కాగితాలన్నీ చదివాడు. షుగర్ అదుపులో ఉందని ఒప్పుకున్నాడు. అయినా షుగర్ ఉన్నవాళ్లను క్రేన్ ఎక్కించకూడదని రూలుందని, గోళీలు వేసుకునేవాళ్లకు ఒక్కోసారి చక్కెర పడిపోయి కళ్లు తిరుగుతాయని చెప్పి అర్జీ వెనక్కి ఇచ్చాడు. ఆ డాక్టర్ అన్నది తప్పని నేను ఇప్పటికీ అనలేను. కాని నిద్ర లేక తూలిపోతున్న రెండేళ్లకు పైగా మా ఆయనను అదే నిచ్చెన ఎక్కనిచ్చారు. కళ్లనిండా నిద్రపోయి వచ్చిన రోజున దాని కింది మెట్టు కూడా తాకనివ్వలేదు. ఈ లెక్కకు నాకు ఎన్నడూ సమాధానం దొరకలేదు.

తాగలేదని కనీసం నోటీసు బోర్డు మీద పెట్టమని మా తమ్ముడు అడిగాడు. జబ్బుల సంగతి బోర్డు మీద పెట్టరన్నారు. ఖాళీగా ఉన్న క్రేన్‌కు మనిషి కావలసి వచ్చి చివరికి మా తమ్ముడినే నేర్చుకోమన్నారు. వాడు మా ఇంటికి వచ్చి, నేనెక్కను, బావ జాగల నేను కూసోను అని మొండికేశాడు.

"ఎక్కురా," అన్నారు మా ఆయన. "నువ్వెక్కకుంటె ఇంకొకడు ఎక్కుతడు. వానికి నేను చెప్తె వినడు, నువ్వైతె వింటవ్."

"ఏం చెప్తవ్?"

"నిద్ర లేకుంటె ఎక్కకు. ఆ దినం పగారు పోతె పోనీ. ఇంతే."

తొంభై తొమ్మిదిలో ఫౌండ్రీ మూతపడే వరకు ఆయన స్టోర్స్‌లోనే ఉన్నారు. స్టోర్స్ గోడకు అవతలే ఆ షెడ్డు. క్రేన్ కదిలేటప్పుడు మోగే గంట విని లోపల ఏం జరుగుతోందో ఆయనకు తెలిసిపోయేదట. మా తమ్ముడు బాన దించేటప్పుడు తొందరపడితే సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పేవారు. షుగర్ ముందు ఏళ్లలోనే చేయవలసిన పాడు చేసేసింది. రెండువేల రెండుకల్లా మూత్రపిండాలు పనిచేయడం తగ్గింది, రెండువేల నాలుగు మార్చిలో పోయారు. చివరి రోజు దాకా మంచిగా నిద్రపోయారు. అది చెప్పుకోవడానికి నాకు మిగిలింది.

దశదిన కర్మ నాడు ఫౌండ్రీ పాత వాళ్లు చాలామంది వచ్చారు. వాళ్లలో ఒకాయన, మా ఆయన అంటే నిజంగా గౌరవమున్న మనిషే, భోజనం చేసి చేయి కడుక్కుని నా దగ్గరికి వచ్చి కళ్లు తుడుచుకున్నాడు. "బంగారమసుంటి మనిషి చెల్లె," అన్నాడు, "ఆ ఒక్క దినం తాగకపోయుంటె." ఎవరు ఏ తారీఖు తప్పు చెప్పినా నిలబెట్టి దిద్దే దాన్ని. దిద్దాను. ఆయన తాగలేదన్నా, అది షుగర్ అని చెప్పాను. ఆయన ఎంతో దయగా తల ఊపాడు, భర్త పోయిన ఆడమనిషి మాటకు ఊపినట్టు.

ఇప్పుడు మా బీరంగూడలో నాలుగు అడుగులకు ఒక రక్తపరీక్షల దుకాణం. పొద్దున టీ కొట్టు దగ్గర బెంచీ మీద లారీ డ్రైవర్లు, వాచ్‌మన్‌లు, కంపెనీ బస్సు కోసం చూసే పిల్లలు. ఎవరైనా నాకు షుగర్, రాత్రి కన్ను అంటలే అంటే పక్కవాడు తన అంకె తను చెప్పి, ఏ గోళీ వేసుకుంటున్నావని అడిగి, కాస్త జరిగి చోటిస్తాడు. ఆ మాట చెప్పడానికి ఎవరూ గొంతు తగ్గించుకోరు. నడుస్తూ అటు పోయినప్పుడు నేను ఆగి వింటాను. మా ఆయన స్టోర్స్‌లో పనిచేసిన ఆ పదేళ్లూ క్యాంటీన్‌లో ఆయన పక్కన కూర్చునేవాళ్లు ముందు కాస్త వంగి ఊపిరి వాసన చూసి, ఆ తర్వాతే పలకరించేవాళ్లట. ఆయన నాకు ఈ సంగతి ఒక్కసారే చెప్పారు, అదీ నవ్వుతూ. వాళ్లకు వాసన చూడడం తేలిక కావాలని తాను ముందుగానే వాళ్ల వైపు ముఖం తిప్పి కూర్చునేవాణ్నని చెప్పారు.